ఎవరి తరఫున సంతకం

మా ఆఫీసులో చేరిన రోజున కుర్చీ కంటే, బల్ల కంటే ముందు నా చేతికి ఒక రబ్బరు స్టాంపు వచ్చింది. దాని మీద ఇంగ్లీషులో మూడు మాటలుంటాయి: యాజ్ ఏజెంట్స్ ఓన్లీ. ఏజెంటుగా మాత్రమే అని అర్థం. విశాఖ రేవులో ఓడల ఏజెన్సీ పని చేసేవాళ్ళెవరి సంచీ వెతికినా ఈ స్టాంపు దొరుకుతుంది. లంచ్ బాక్సు మర్చిపోయి వెళ్ళిన రోజులున్నాయి గానీ అది మర్చిపోయి వెళ్ళిన రోజు నాకు గుర్తులేదు.

ఈ పని తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. ఓడ యజమాని ఒక దేశంలో ఉంటాడు, ఓడలో పనిచేసేవాళ్ళు వేరే దేశం వాళ్ళు, ఓడేమో మన రేవులో ఉంటుంది. ఇక్కడ దాని తరఫున మాట్లాడడానికి ఒక నోరు, తిరగడానికి రెండు కాళ్ళు కావాలి. ఆ నోరూ కాళ్ళూ ఏజెంటువి. ఓడని రేవులోకి నడిపించే పైలట్‌ని పిలవాలన్నా, కస్టమ్స్ వాళ్ళకి కాగితాలివ్వాలన్నా, ఓడలోకి మంచినీళ్ళు ఎక్కించాలన్నా, కెప్టెన్‌గారికి పన్ను నొప్పొస్తే డాక్టరు దగ్గర కూర్చోబెట్టాలన్నా మేమే. మమ్మల్ని నియమించిన యజమానిని మా భాషలో ప్రిన్సిపల్ అంటాం. నేను పుట్టి పెరిగిన మల్కాపురంలో ప్రిన్సిపల్ అంటే బెత్తం పట్టుకున్న కాలేజీ మనిషే కాబట్టి, మా అమ్మ చాలాకాలం నేను ఏదో కాలేజీకి సంబంధించిన పని చేస్తున్నాననే అనుకుంది.

మా మేనేజర్ కృష్ణా జిల్లా నుంచి కుర్రతనంలోనే ఈ రేవుకి వచ్చి స్థిరపడిన మనిషి. ఆఫీసంతా ఆయన్ని పెద్దాయన అంటారు. మొదటి రోజే ఆయన నాకు పాఠం చెప్పాడు. "చూడమ్మా, సంతకం నీది, భారం ప్రిన్సిపల్‌ది. ఆయన చెప్పింది చెయ్యి, చెప్పంది చెయ్యకు. ఎవరి తరఫున సంతకం పెడుతున్నావో పక్కనే రాయి. రాయలేదనుకో, ఎదుటివాడు నిన్నే పట్టుకుంటాడు. అప్పుడు భారం కూడా నీదే."

ఆ పాఠం నాకు పాలల్లో పంచదార కలిసినట్టు ఒంటబట్టింది. ఎందుకంటే నాకు చిన్నప్పటి నుంచి కోపం ముక్కు మీదే ఉంటుంది, అదీ ముఖ్యంగా ఒక్క విషయంలో. చేయని తప్పుకి మాట పడలేను. మేం ముగ్గురు అక్కచెల్లెళ్ళం, నేను నడిమిదాన్ని. ఇంట్లో గ్లాసు పగిలితే అక్క వైపూ చెల్లి వైపూ చూడకుండా అందరూ నా వైపే చూసేవారు. నేను పగలగొట్టలేదని వీధంతా వినబడేలా అరిచేదాన్ని. అలాంటిదానికి, "ఇది నా పని కాదు, ఫలానావారి తరఫున చేశాను" అని చెప్పడానికి స్టాంపు కూడా ఇచ్చే ఉద్యోగం దొరికితే ఇంకేం కావాలి?

ఆ అలవాటు ఇంటిదాకా వచ్చింది. ఒకసారి మా అమ్మాయి స్కూలు డైరీలో సంతకం పెట్టి, పైన "తరఫున" అని రాసేశాను. మావారిది గోదావరి వైపు. స్టీలు ప్లాంటు ఉద్యోగం కోసం వాళ్ళ నాన్న ఇక్కడికి వస్తే, ఈయనా అదే గేటులోంచి వెళ్ళి అదే గేటులోంచి వస్తున్నారు. ఆయన ఆ డైరీ చూసి, "ఏమండోయ్ ఏజెంటుగారూ, మన పెళ్ళి రిజిస్టర్లో ఎవరి తరఫున పెట్టారు సంతకం?" అన్నారు. వారం రోజులు ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెప్పి నవ్వారు.

ఇప్పుడు చెప్పబోయేది బొగ్గుతో వచ్చిన ఒక ఓడలో జరిగింది. పేర్లు చెప్పను. ఇందులో ఉన్న ముఖ్యమైన మనిషి తెలుగు చదవలేడు కాబట్టే ఇది రాసే ధైర్యం చేస్తున్నాను.

ఓడని ఒక బెర్త్ నుంచి, అంటే రేవులో ఓడని కట్టే చోటు నుంచి, ఇంకో బెర్త్‌కి మారుస్తుండగా కట్టిన తాడు తెగింది. ఓడని ఒడ్డుకి కట్టే తాడు మన తొడంత లావుంటుంది. బిగువు మీద ఉన్నప్పుడు తెగితే దాని దెబ్బకి ఇనుమైనా వంగుతుంది. ఆ దెబ్బ ఒక ఫిలిప్పీన్స్ నావికుడి ఎడమ కాలికి తగిలింది. కబురు రాగానే అంబులెన్స్ పిలిచి, వాళ్ళతో పాటు గాజువాక వైపు ఉన్న ఆసుపత్రికి వెళ్ళాను. అతను స్పృహలోనే ఉన్నాడు. పళ్ళ బిగువున నొప్పి ఆపుకుంటూ, దారి పొడుగునా నా చెయ్యి వదల్లేదు.

ఆసుపత్రిలో చేర్చే ఫారం నా ముందు పెట్టారు. సంతకం పెట్టాను, సంచీలోంచి స్టాంపు తీసి దాని కింద ఠప్పున వేశాను. ఆలోచించి వేసింది కాదు, చెయ్యే వేసేసింది. కౌంటరులో ఉన్న అమ్మాయి కాగితం తిప్పి చూసింది.

"ఏటి మేడమ్ ఇది? మనిసికి సుట్టాలుంటారు, పక్కాలుంటారు. ఏజెంట్లేటి?"

"ఓడ తరఫున వచ్చానమ్మా."

"ఓడని సేర్పించట్లేదు కదా మేడమ్. మనిసిని కదా సేర్పిత్తన్నారు."

ఆ అమ్మాయి అన్నదాంట్లో తప్పేం లేదు గానీ నాకు చర్రుమంది. కంపెనీ తరఫున అని రాయించుకుంటే రాయించుకో, లేకపోతే మీ పెద్ద డాక్టరుని పిలువు అని గొంతు పెంచాను. స్ట్రెచర్ మీద ఉన్న అతనికి మా తగువు అర్థంకాలేదు గానీ, అంత నొప్పిలోనూ నన్ను చూసి నవ్వాడు.

ఓడ ఎవరి కోసమూ ఆగదు. బొగ్గు దించడం అవగానే అతని బట్టలూ, పాస్‌పోర్టూ, ఒక గిటారూ నాకు అప్పజెప్పి వెళ్ళిపోయింది. అప్పటి నుంచి ఈ ఊళ్ళో అతనికి తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. ఓడ మనుషులకి ఏజెంటు పేరుతో పని లేదు. మగవాడైతే మిస్టర్ ఏజెంట్, ఆడదైతే మిస్ ఏజెంట్. నాకు పెళ్ళై, స్కూలుకెళ్ళే పిల్ల ఉందని చెప్పినా అతనికి నేను మిస్ ఏజెంట్‌నే. మేమిద్దరం ఇంగ్లీషులో మాట్లాడుకునేవాళ్ళం. అతని ఇంగ్లీషు ఎంతో నాదీ అంతే కాబట్టి ఇబ్బంది ఉండేది కాదు.

రోజూ ఆఫీసుకి వెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి చూసేదాన్ని. ఆసుపత్రి తిండి అతనికి సయించలేదు. మా అమ్మకి చెప్తే చేపల పులుసు చేసి గిన్నెలో పెట్టి ఇచ్చింది.

"కారం సగమే ఏసేనే. పాపం ఎక్కడోడో, తింతన్నాడా?"

"గిన్నె నాకేసేడే అమ్మా."

"మరైతే రేపు ఇంకొంచెం ఎక్కువ ఒండుతాను. వాళ్ళమ్మ ఉంటే ఒండదేటి?"

అలా తింటూ ఒకరోజు అతను వాళ్ళ నాన్న గురించి చెప్పాడు. ఆయన పడవ మీద చేపలు పట్టేవాడట. చక్కెర జబ్బు ముదిరి కాలు తీసేశారట. అప్పటి నుంచి ఇంటి ముందు గదిలో మంచం మీద, గోడ వైపు తిరిగి పడుకునేవాడట. పడవ అమ్మేశారని తెలిసిన రోజున కూడా ఇటు తిరగలేదట. "ఆయన్ని పాతిపెట్టిన రోజున నా భార్య చేత ఒట్టేయించుకున్నాను. నాకు అలాంటి పరిస్థితి వస్తే చావనివ్వు గానీ కాలు తియ్యనివ్వకు అన్నాను. ఆమె ఒట్టేసింది" అన్నాడు.

నేను మాట మార్చబోయాను. అతను గిన్నె పక్కన పెట్టి, "నువ్వు నా ఏజెంటువి కదా?" అన్నాడు.

కాదు అనాలి. నేను ఓడ యజమాని ఏజెంటుని. ఇతను జబ్బుపడితే చూడమన్నదీ, చూసి చెప్పమన్నదీ ఆయనే. ఒక తగువు వస్తే నేను ఆయన పక్కన నిలబడాలి, ఇతని పక్కన కాదు. కానీ పులుసన్నం తింటున్న మనిషికి చట్టం చెప్పడానికి నోరు రాలేదు. "అవును" అన్నాను.

"అయితే నా కాలు నాతోనే ఇంటికి రావాలి, మిస్ ఏజెంట్."

"అలాగే" అన్నాను.

కొన్నాళ్ళు బాగానే ఉంది. రాడ్లు వేశారు, వేళ్ళు కదుపుతున్నాడు అన్నారు. తర్వాత జ్వరం మొదలైంది. కట్టు విప్పితే గదంతా వాసన. ఒకరోజు పొద్దున్న నేను వెళ్ళేసరికి అతన్ని ఐసీయూలోకి మార్చారు. పిలిస్తే పలకడం లేదు. సర్జన్ నన్ను పక్కకి పిలిచాడు. మాట నెమ్మది, తొందరపెట్టే మనిషి కాదు.

"మేడమ్, కాలు దక్కించాలని చాలా చూశాం. చీము రక్తంలోకి ఎక్కుతోంది. మోకాలి పై వరకూ తీసేస్తే మనిషి దక్కడానికి అవకాశం ఉంది. ఆగితే రెండూ పోతాయి. మధ్యాహ్నం దాటనివ్వకూడదు. ఎవరితో మాట్లాడాలో మాట్లాడుకుని రండి. ఎవరూ దొరక్కపోతే ఇంకో డాక్టరుతో కలిసి నేనే నిర్ణయం తీసుకుంటాను. కానీ ఇతనికంటూ ఒక మనిషి ఔనంటే బాగుంటుంది."

ముందు పెద్దాయనకి ఫోన్ చేశాను. ఆయన యజమానికి ఈమెయిల్ పెట్టాడు. యజమాని బీమా వాళ్ళని అడిగాడు. బీమా వాళ్ళు, మా డాక్టరొకాయన స్కానులు చూసి చెప్తాడు, అంతవరకూ ఆగండి అన్నారు. అందులో వాళ్ళ దుర్మార్గం ఏమీ లేదు. వాళ్ళ ఊళ్ళో ఇంకా తెల్లారలేదు, అంతే.

"జవాబు వచ్చేదాకా నువ్వు ఏ కాగితం మీదా సంతకం పెట్టకమ్మా" అన్నాడు పెద్దాయన. "ఒక మనిషి కాలు తియ్యమని చెప్పడానికి మనకెవరూ అధికారం ఇవ్వలేదు."

"ఆపద వచ్చినప్పుడు ప్రిన్సిపల్‌ని అడిగే వ్యవధి లేకపోతే ఏజెంటు సొంతంగా చెయ్యొచ్చని మీరే చెప్పారు కదా. మన సొంత విషయమైతే ఎలా చేస్తామో అలా చెయ్యొచ్చని."

"అది సరుకు గురించి. ఎండకి కుళ్ళిపోయే ఉల్లిపాయల గురించి. మనిషి గురించి కాదు."

ఆయన మీద అరిచాను. ఏమని అరిచానో గుర్తులేదు.

అప్పుడు అతని భార్యకి ఫోన్ చేశాను. ఆమెతో అంతకు ముందు నాలుగైదుసార్లు మాట్లాడాను. ఒళ్ళో చంటిపిల్ల, ఇంకో పిల్ల స్కూలుకెళ్తుంది, పాస్‌పోర్టు లేదు. రమ్మన్నా రాలేని మనిషి. ఫోన్ స్పీకరులో పెట్టి సర్జన్ ముందు ఉంచాను. ఆయన నాకు చెప్పినట్టే ఆమెకీ నెమ్మదిగా చెప్పాడు. అటునుంచి చంటిపిల్ల కేరింతలు వినబడుతున్నాయి.

"తీసెయ్యండి. నాకు మనిషి కావాలి" అంది ఆమె.

తర్వాత నాతో మాట్లాడాలి అంది. స్పీకరు తీసేసి వరండాలోకి వచ్చాను.

"ఆయన మీకు ఒట్టు గురించి చెప్పాడా?"

"చెప్పాడు."

"అయితే మీకు తెలుసు. ఈ మాట నేనన్నానని తెలిస్తే ఆయన నన్ను ఇంక భార్యలా చూడడు. మామగారిలా గోడ వైపు తిరిగి పడుకుంటాడు. నా తరఫున మీరు సంతకం పెట్టండి. కానీ నా తరఫున అని ఎక్కడా రాయకండి. ఆయన అడిగితే నా పేరు చెప్పకండి. మిమ్మల్ని అడగడానికి నాకేం హక్కు లేదు. నా దగ్గర మీకివ్వడానికి కూడా ఏం లేదు."

ఏజెన్సీ పుట్టడానికి ప్రతిఫలం అక్కర్లేదని మన కాంట్రాక్టు చట్టంలో ఉంది. ఇంకే ఒప్పందానికైనా ఇచ్చిపుచ్చుకోవడం ఉండాలి, దీనికి మాత్రం ఒక మాట చాలు. అది చదివినప్పుడు ఇదేం వింతరా అనుకున్నాను. ఇప్పుడు చూడని ఊళ్ళో, చూడని ఒక ఆడమనిషి ఫోనులో ఒక్క మాట అని నన్ను ఏజెంటుని చేసింది. ఇంకా వింతేమిటంటే, ఎవరి తరఫునో చెప్పకుండా సంతకం పెట్టిన ఏజెంటుని ఎదుటివాడు నేరుగా పట్టుకోవచ్చు. పెద్దాయన మొదటి రోజు చెప్పిన పాఠమే అది. నాకు ప్రాణంతో సమానమైన పాఠం.

రెండు పడవల మీద కాళ్ళు పెట్టకూడదంటారు. ఆ వరండాలో నా కింద మూడున్నాయి. ఓడ యజమాని ఆగమన్నాడు. పడుకున్న అతను వద్దన్నాడు, నేను అలాగే అన్నాను. భార్య తీసెయ్యమంది. వీళ్ళలో నాకు ఉద్యోగం ఇచ్చింది ఒకరు, నన్ను నమ్మింది ఒకరు, నన్ను అడిగింది ఒకరు. ఎవరి వైపు న్యాయం ఉందో ఇప్పటికీ నేను చెప్పలేను. ఐసీయూ అద్దంలోంచి అతన్ని చూశాను. పెదాలు నల్లబడి ఉన్నాయి. చచ్చిపోయిన మనిషికి మాట నిలబెట్టుకుని ఏం చేస్తాను అనిపించింది. భయమేసింది కూడా. ఆ భయంతోనే "సరే" అన్నాను.

సర్జన్ ఫారం ఇచ్చాడు. సంతకం పెట్టాను. సంచీ జిప్పు దాకా వెళ్ళిన చేతిని వెనక్కి తీసుకున్నాను. రోగితో సంబంధం అన్న చోట కలం ఆగింది.

"ఏదో ఒకటి రాయండి మేడమ్" అన్నాడు ఆయన. "భార్య ఒప్పుకున్న సంగతి నా నోట్సులో రాసుకుంటాను. అవి పేషెంటు చేతికి వెళ్ళవు."

స్నేహితురాలు అని రాశాను.

ఆపరేషన్ అయింది. మనిషి దక్కాడు. సాయంత్రానికి యజమాని దగ్గర నుంచి జవాబు వచ్చింది: వాళ్ళ డాక్టరు కూడా అదే మాట అన్నాడట, వెంటనే చేయించండి అన్నారు. పెద్దాయన స్వయంగా ఆసుపత్రికి వచ్చి నా పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. "రాటిఫై చేశారమ్మా. అడక్కుండా చేసినా, తర్వాత ప్రిన్సిపల్ ఒప్పుకుంటే అది మొదటి నుంచి ఆయన చేయించినట్టే లెక్క. బతికిపోయావు" అన్నాడు. ఫోన్‌లో ఆ ఈమెయిల్ మళ్ళీ మళ్ళీ తెరిచి చదువుకున్నాడు. పాపం, నాకంటే ఆయనే ఎక్కువ భయపడ్డాడని అప్పుడు తెలిసింది.

అతనికి పూర్తిగా తెలివొచ్చిన రోజున నేనక్కడే ఉన్నాను. దుప్పటి మీద చెయ్యి వేసి కిందికి తడుముకున్నాడు. చెయ్యి ఒకచోట ఆగిపోయింది. తర్వాత నా వైపు చూశాడు.

"ఎవరు ఒప్పుకున్నారు?"

"నేను."

"నువ్వెవరు?" అన్నాడు. గొంతులో ఇంకా జీవం లేదు. "నా తల్లివా? నా భార్యవా? ఎవరిచ్చారు నీకు ఆ హక్కు?"

నా దగ్గర జవాబుంది. నాలుక చివరే ఉంది. నా జీవితంలో ఏ ప్రశ్నకైనా అంత సిద్ధంగా జవాబు ఉండి చెప్పకుండా ఊరుకున్నది అదొక్కసారే. "ఎవరూ ఇవ్వలేదు. నేనే పెట్టాను సంతకం" అన్నాను. అతను మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

ఆ తర్వాత నేను వెళ్తే మాట్లాడేవాడు కాదు. అమ్మ పంపిన గిన్నె మూత తియ్యకుండా పక్కన పెట్టేవాడు. అది అమ్మకి చెప్పలేక, తిరిగొచ్చేటప్పుడు కారులో కూర్చుని ఆ పులుసన్నం నేనే తినేదాన్ని. కారు నడిపేది మా వీధిలో ఉండే బాబాయ్. అద్దంలోంచి చూసి మంచినీళ్ళ సీసా వెనక్కి అందించేవాడు. నర్సులతో, ఫిజియో అబ్బాయితో అతను బాగానే ఉండేవాడు. భార్యతో రోజూ వీడియోలో మాట్లాడేవాడు. నేను గుమ్మంలో కనిపిస్తే ఫోన్‌లోనే తన భాషలో నా గురించి ఏదో అనేవాడు. మిస్ ఏజెంట్ అన్న ముక్క ఒక్కటే నాకు తెలిసేది. అటు ఆమె వింటూ ఊరుకునేది.

ఒకరోజు నేరుగానే అన్నాడు. "కాలు ఉన్నవాడికి నెలల తరబడి వైద్యం చేయించాలి. కాలు లేనివాడిని త్వరగా ఇంటికి పంపించెయ్యొచ్చు. నీ యజమానికి పని తేలిక చేశావు. మంచి ఏజెంటువి."

ఆ మాటకి నా తల తిరిగిపోయింది. నువ్వు బతకాలని చేసిన పనిరా ఇది, నీ యజమాని ఆగమన్నాడు, నా ఉద్యోగం పోయేది, అని కుర్చీ తన్నేసి అరిచాను. ఎవరు చేయమంటే చేశానో తెలుసా నీకు అనేదాకా వచ్చాను. ఆ వాక్యం సగంలో ఆపి, సంచీ తీసుకుని బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. చేయని తప్పుకి మాట పడడం ఎంత కష్టమో అప్పుడు మళ్ళీ తెలిసింది. చేసిన పనే అయినా నాది కాని భాగానికి కూడా మాట పడుతున్నాను. ఏడ్చాను కూడా. ఆమెకి ఫోన్ చేసి, ఇంక నా వల్ల కాదమ్మా, నువ్వే చెప్పుకో అందామనుకున్నాను.

ఫోన్ తీసేసరికి ఆమె మెసేజ్ అప్పటికే ఉంది. "ఇవాళ అన్నం తిన్నాడట. మీ మీద కోపంతో రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడని వీడియోలో నర్సు చెప్పింది. గోడ వైపు తిరిగి పడుకోవడం లేదు. థాంక్యూ."

చదివి ఫోన్ లోపల పెట్టేశాను. మర్నాడు మళ్ళీ గిన్నె పట్టుకునే వెళ్ళాను.

గాయం మానింది. ఊతకర్రల మీద నడవడం నేర్చుకున్నాడు. ఒక కర్రకి అడుగున రబ్బరు అరిగి జారుతోందంటే, బాబాయ్ దాన్ని ఆటోనగర్ తీసుకెళ్ళి తెలిసిన షెడ్డులో టైరు ముక్కతో మంచి అడుగు వేయించి తెచ్చాడు. దానికి బాబాయ్‌కి థాంక్స్ చెప్పాడు, నా వైపు చూడలేదు. ఇంటికి పంపే రోజు వచ్చింది. టికెట్టు, డాక్టరు కాగితాలు, గిటారు అన్నీ సర్ది నేనే ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్ళాను. ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు కూడా కిటికీలోంచి బయటికే చూస్తున్నాడు.

ఎయిర్‌పోర్టులో చక్రాల కుర్చీ వచ్చింది. అతన్ని కూర్చోబెట్టి, కాగితాలు ఒళ్ళో పెట్టాను. విమానం వాళ్ళ మనిషి కుర్చీ తొయ్యబోతే అతను చెయ్యెత్తి ఆపాడు.

"ఒక మాట అడుగుతాను. నిజం చెప్తావా?"

"అడుగు."

"నువ్వు సంతకం పెట్టేముందు నా భార్యకి తెలుసా?"

నేను అతని ఒళ్ళో కాగితాలు మళ్ళీ సర్దాను.

"ఆమెని అడిగితే తర్వాతే తెలిసిందంటుంది. నా మనసుకి నమ్మకం కుదరడం లేదు. డాక్టరుని అడిగితే ఫారం చూపించాడు. అందుకే నిన్ను అడుగుతున్నాను. నీకు కోపం ఎక్కువ. ఆ రోజు కుర్చీ తన్నేశావు. అబద్ధాలు చెప్పేవాళ్ళకి అంత కోపం రాదు. నువ్వేం చెప్తే అదే నమ్ముతాను."

ఏజెంటుకి ప్రిన్సిపల్ మాటే మాట, ఈ సంతకం విషయంలో నా ప్రిన్సిపల్ అతని భార్య. కానీ అప్పుడు నాకు ఆమె ఏమందో కూడా గుర్తు రాలేదు. అతని మొహమే కనిపించింది. విమానం దిగి, ఇంకో విమానం ఎక్కి, పడవ మీద సముద్రం దాటి, ఆ గుమ్మం ముందు ఈ మనిషి కర్రల మీద నిలబడాలి. తలుపు తీసేది ఆమె.

"తెలియదు. ఫోన్ చేశాను, కలవలేదు. డాక్టరు ఆగలేమన్నాడు. నేనే పెట్టేశాను" అన్నాను.

అతను కళ్ళు మూసుకున్నాడు. భుజాలు కిందికి దిగాయి. ఇన్ని వారాల్లో అతని ఒళ్ళు అలా వదులవడం నేను చూడలేదు.

"ఆమె ఒట్టు తప్పలేదు" అన్నాడు, నాతో కాదు, తనలో తనే. తర్వాత నా వైపు చూశాడు. "నిన్ను మాత్రం నేను క్షమించను, మిస్ ఏజెంట్."

"సరే" అన్నాను.

కుర్చీ లోపలికి వెళ్ళిపోయింది. అతను వెనక్కి తిరిగి చూడలేదు. నేను కారు దగ్గరికి నడిచి వచ్చి ముందు సీటులో కూర్చున్నాను. కన్నీళ్ళు వాటంతటవే కారుతున్నాయి, తుడుచుకోలేదు. బాబాయ్ కారు స్టార్ట్ చేశాడు.

"ఏటన్నాడమ్మా?"

"ఇంటికెల్తన్నానన్నాడు బాబాయ్."